చిరునామా ముందు, చెత్త తర్వాత: మారతహళ్ళి పీజీ వీధి కేస్ స్టడీ

కాలేజీ రోజుల్లో జాతీయ సేవా పథకంలో, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో చురుగ్గా తిరిగిన పిల్లలు బెంగళూరులో ఉద్యోగంలో చేరాక ఏ పౌర కార్యక్రమంలోనూ కనిపించకుండా పోతారు. జీతం రుచి మరిగాక పట్టింపు పోతుందని కొందరంటారు, ట్రాఫిక్‌లో వచ్చి పోవడంతోనే ఒంట్లో సత్తువ అయిపోతుందని ఇంకొందరు. ఈ కేసులో తేలింది మరొకటి. వాళ్ళకి పట్టింపు ఉంది, శనివారం పొద్దున ఖాళీ కూడా ఉంది. లేనిది చిరునామా. పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ వసతి ఇంట్లో, మంచం అద్దెకి తీసుకున్న మనిషి కార్పొరేషన్ లెక్కలోనూ ఓటరు జాబితాలోనూ వీధి సంఘం రిజిస్టర్‌లోనూ ఎక్కడా ఉండడు. ఆ వీధి గురించి అతను అడిగితే, ‘నువ్వెవరు బాబూ’ అన్న ప్రశ్న మొదట వస్తుంది.

కేసు ఇది. బెంగళూరు తూర్పున మారతహళ్ళి వైపు, రింగు రోడ్డుకి లోపలగా ఒక అడ్డ వీధి. పొడవు రెండు వందల మీటర్లకి అటూ ఇటూ. ఎక్కువ భాగం పీజీలు, మధ్యలో సొంత ఇళ్ళు కొన్ని, ఒక ఖాళీ సైటు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్స్‌ఫార్మర్ కింద చెత్త కుప్ప. పీజీల్లో ఉండేవాళ్ళలో చాలామంది అనంతపురం, కడప, నెల్లూరు, గుంటూరు, వరంగల్ వైపు కాలేజీల నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. అందులో ఇరవై మంది లోపు పట్టభద్రులు ఒక గుంపుగా ఏర్పడి పని మొదలుపెట్టారు. మనుషుల పేర్లు, వీధి పేరు, పీజీల పేర్లు ఇక్కడ వదిలేశాం. పని తీరు మాత్రం పూర్తిగా ఉంది.

కాలేజీ చేసిపెట్టే పని

జాతీయ సేవా పథకం 1969 నుంచి నడుస్తోంది. వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. వంద మంది ఒక యూనిట్, దానికి ఒక ప్రోగ్రామ్ ఆఫీసరు. ఈ ఏర్పాటులో విద్యార్థి కంటికి కనిపించని పని చాలా ఉంది. దత్తత ఊరికి ఉత్తరం రాసేది ఆఫీసరే, సర్పంచితో మాట్లాడేదీ బస్సు, భోజనం, తేదీ ఖరారు చేసేదీ ఆయనే. పిల్లలు వెళ్ళేసరికి పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేసి ఉంటాయి, పారలు సిద్ధంగా ఉంటాయి.

నగరంలో ఆ ఆఫీసరు లేడు. పట్టభద్రుడు తొలిసారి తనే తేదీ పెట్టాలి, తనే అనుమతి అడగాలి, తనే వాహనం తెప్పించాలి. అంతకంటే పెద్ద తేడా ఒకటుంది. శిబిరం ఏడో రోజు ముగుస్తుంది, చెత్త కుప్ప ఎనిమిదో రోజు మళ్ళీ లేస్తుంది. కాలేజీ నేర్పిన అలవాటంతా కార్యక్రమం చేసి ఫోటో తీసి సర్టిఫికెట్ అందుకునే అలవాటు. అది ఇక్కడ అడ్డొస్తుంది.

పనికొచ్చేవీ ఉన్నాయి. ఇంటింటి సర్వే చేయడం, హాజరు పట్టీ రాయడం, ఫెస్టుకి స్పాన్సర్ల దగ్గర బేరమాడి డబ్బు తేవడం, పదిమందికి పని పంచడం. ఈ గుంపులో అందరికంటే ఎక్కువ ఉపయోగపడింది కాలేజీలో మెస్ కమిటీలో ఉన్న కుర్రాడు. వంటవాళ్ళతో, సరుకుల లెక్కతో, తూకంతో రోజూ వ్యవహరించినవాడు కాబట్టి. ఇలాంటి గుంపులో మనుషుల్ని ఎంచుకునేటప్పుడు వేదిక మీద మాట్లాడినవాళ్ళకంటే మెస్, హాస్టల్, రవాణా కమిటీల్లో పనిచేసినవాళ్ళని ముందు పిలవాలన్నది మా గట్టి అభిప్రాయం.

ఓటు ఎక్కడ

గుంపు మొదటి నెలంతా చెత్త జోలికి పోలేదు. ఓటరు నమోదు మీద కూర్చుంది. ఇది సరైన వరస. కుప్ప శుభ్రం చేసిన మర్నాడు ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్ళి అడిగితే, జాబితాలో పేరున్న ఇరవై మంది మాటకి ఉండే బరువు పేరులేని రెండు వందల మందికి ఉండదు. కార్పొరేషన్ ఎన్నికలకీ వార్డు జాబితా తయారయ్యేది అసెంబ్లీ ఓటరు జాబితా ఆధారంగానే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఫారం ఎంపికలో. పద్దెనిమిది నిండినప్పుడు ఊళ్ళో ఓటు నమోదైపోయి ఉంటుంది. బెంగళూరు వచ్చాక ఆన్‌లైన్‌లో ‘కొత్త ఓటరు’ అని కనపడగానే ఫారం 6 నింపేస్తారు. ఫారం 6 మొదటిసారి నమోదయ్యేవాళ్ళకే. ఊళ్ళో ఓటున్నవాళ్ళు నింపాల్సింది ఫారం 8. 2022 ఆగస్టు నుంచి నియోజకవర్గం మారినా, రాష్ట్రం మారినా నివాసం మార్పుకి ఇదే. ఇందులో పాత ఓటరు కార్డు నంబరు ఇస్తే పాత చోట పేరు తీసేసి ఇక్కడ చేరుస్తారు. ఒక మనిషి రెండు చోట్ల ఓటరుగా ఉండటం ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 ప్రకారం కుదరదు. తెలిసి తప్పుడు ప్రకటన మీద సంతకం పెడితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫారం 6 కింద సంతకం పెట్టే ప్రకటనలో ‘ఇదే మొదటిసారి’ అని ఉంటుంది, దాన్ని చదవకుండా టిక్కు పెట్టేవాళ్ళు చాలామంది.

ఫారం తేలిక, చిరునామా రుజువు కష్టం. ఎన్నికల సంఘం జాబితాలో ఉన్నవి: కనీసం ఏడాదిగా ఆ చిరునామాకి వస్తున్న నీటి, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, భూమి పత్రం, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం, రిజిస్టర్ చేసిన సేల్ డీడ్. బెంగళూరులో అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకి స్టాంపు పేపరు మీద రాసుకుంటారు, రిజిస్టర్ చేయించరు. పీజీల్లో అదీ ఉండదు, డబ్బు కట్టిన రసీదే ఒప్పందం. కరెంటు బిల్లు యజమాని పేరు మీద. కాబట్టి పీజీ మనిషికి మిగిలేవి రెండు దారులు: బ్యాంకు పాస్‌బుక్‌లో చిరునామా మార్పించడం, ఆధార్‌లో మార్పించడం. ఆధార్‌కి వేరే పత్రం లేకపోతే గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే లాంటివాళ్ళు నిర్ణీత నమూనాలో ఫోటో మీద సంతకం, ముద్ర వేసిచ్చే ధ్రువపత్రం పనిచేస్తుంది. దానికి మూడు నెలలే గడువు, కాబట్టి ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని తర్వాత సంతకం పెట్టించుకోవాలి. ఈ రెండింటిలో ఒకటి అయ్యాకే ఓటు ఫారం. ఈ వరస తప్పితే ఫారం ఆగిపోతుంది.

ఈ ఏడాదే కాలేజీ చివరి సంవత్సరంలో ఉండి హాస్టల్ నుంచే నమోదు చేసుకోవాలనుకునేవాళ్ళకి వేరే వెసులుబాటు ఉంది. గుర్తింపున్న సంస్థలో కనీసం ఏడాది కాలం కోర్సు అయితే, కాలేజీ అధిపతి సంతకంతో బోనఫైడ్ ప్రకటన జతచేసి హాస్టల్ చిరునామా మీద నమోదు కావచ్చు, లేదా ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చు. డిగ్రీ చేతికొచ్చాక ఈ వెసులుబాటు పోతుంది. చాలామందికి ఇది పోయాకే తెలుస్తుంది.

తర్వాతి గండం బూత్ స్థాయి అధికారి రాక. ఆ అధికారి సాధారణంగా అంగన్‌వాడీ కార్యకర్తో బడి టీచరో అయి ఉంటారు, తమ పని మధ్యలో పగటిపూట వస్తారు. ఆ సమయంలో పీజీలో ఉండేది వంటమనిషి, వాచ్‌మన్. ‘ఆ పేరుగలవాళ్ళు తెలీదు’ అని వాళ్ళు అన్నారంటే దరఖాస్తు తిరస్కారమే. గుంపు చేసిన పని చిన్నది: ఎవరెవరు దరఖాస్తు పెట్టారో పేర్లు, గది నంబర్లు, ఫోన్ నంబర్లు రాసి కాగితం వాచ్‌మన్ బల్ల మీద అంటించారు, వంట చేసే అక్కకి ముందే చెప్పి ఉంచారు. తిరస్కారాలు ఆ తర్వాత బాగా తగ్గాయి. ఎక్కడ ఆగిందో తెలియకపోతే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి రిఫరెన్స్ నంబరు చెప్పాలి.

పీజీ యజమానులు మొదట ఒప్పుకోలేదు. పేర్లు ఎక్కితే ఇల్లు ఖాళీ చేయరేమో, ట్యాక్సు వాళ్ళు వస్తారేమో అని వాళ్ళ భయం. ఓటరు జాబితాలో పేరుండటం వల్ల అద్దె హక్కు ఏదీ రాదు. ‘అన్నా, ఓటు మాది, ఇల్లు మీదే, మారితే ఫారం 8 పెట్టుకుని పోతాం’ అని తెలుగులో కూర్చోబెట్టి చెప్పాక ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివారి పీజీలో ఉన్నవాళ్ళని గుంపు ఒత్తిడి చేయలేదు. అడ్వాన్సు యజమాని చేతిలో ఉన్నప్పుడు గొడవ పడి గెలిచేది లేదు.

అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 18 నిండడానికి లెక్కించేది ఈ తేదీల్నే, పట్టభద్రులకి ఇది సమస్య కాదు. వాళ్ళ అసలు ప్రశ్న: ఓటు ఇక్కడికి మార్చాలా, ఊళ్ళో ఉంచాలా? చట్టం చూసేది మనిషి సాధారణంగా నివసించే చోటు. ఆరు నెలల్లో హైదరాబాదుకో పూణేకో బదిలీ తప్పదని తెలిసినవాళ్ళు మార్చకుండా ఉండటమే మేలు. గుంపులో కొందరు అలాగే ఉండిపోయారు. వాళ్ళకి మిగతా పనుల్లో పూర్తి చోటుంది.

పట్టభద్రులకి మాత్రమే ఉన్న ఇంకో ఓటు గురించి ఇక్కడ చెప్పాలి. ఆంధ్ర, తెలంగాణల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక తెలిసినవాళ్ళకి కర్ణాటకలోనూ అది ఉందన్న సంగతి తట్టదు. శాసన మండలి 75 స్థానాల్లో ఏడు పట్టభద్రులవి. బెంగళూరు పట్టభద్రుల స్థానానికి 2024 జూన్‌లో ఎన్నిక జరిగింది, పదవీకాలం ఆరేళ్ళు. దీనికి ఫారం 18. నవంబరు 1 నాటికి డిగ్రీ పొంది మూడేళ్ళు నిండాలి, ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. డిగ్రీ దేశంలో ఏ విశ్వవిద్యాలయానిదైనా సరే. ఈ జాబితా ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారవుతుంది, పోయినసారి పేరున్నా ఈసారి మళ్ళీ పెట్టుకోవాలి.

కుప్ప ఎందుకు లేస్తుంది

రెండో నెలలో గుంపు కుప్ప దగ్గర నిలబడింది. పార పట్టుకోకుండా, నోటు పుస్తకంతో. వారం రోజులు, ఆదివారంతో కలిపి, పొద్దున ఆరు నుంచి పది దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. ఎవరు వేస్తున్నారో పేర్లు రాయలేదు. ఎన్ని గంటలకి, ఏ దిక్కు నుంచి, ఏ రకం సంచి అన్నదే రాశారు. ఫోటోలు తీయలేదు. ఫోటో తీస్తే ఆ రోజు నుంచే కొట్లాట మొదలవుతుంది, అసలు లెక్క రాదు.

తేలింది గంటల తేడా. చెత్త ఆటో పొద్దున ఏడు దాటాక వచ్చి పది నిమిషాల్లో వీధి దాటేస్తుంది. పీజీ వంటవాళ్ళు ఐదింటికి లేచి టిఫిను, డబ్బాల పనిలో తొమ్మిది దాకా తల ఎత్తరు. గదులు ఊడ్చే మనుషులు పదింటికి వస్తారు. అంటే చెత్త బయటికి వచ్చేసరికి ఆటో వెళ్ళిపోయి మూడు గంటలవుతుంది. ఆ సంచులు సాయంత్రం దాకా గేటు దగ్గర ఉండి, కుక్కలు చింపేసరికి రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కిందికి చేరతాయి. రెండో రకం, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోయే చిన్న ఇళ్ళు. వాళ్ళు ఆటో రాకముందే బయల్దేరతారు, కవరు బండికి తగిలించుకుని దారిలో విసిరేస్తారు. మూడోది, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్ళ పార్సిల్ డబ్బాలు.

తర్వాత తూకం. వేలాడే కాటా ఒకటి కొని, ఒప్పుకున్న పీజీల్లో ఏడు రోజులు తూచారు. మనిషికి అరకిలో చొప్పున వంద మంది పీజీకి 50 కిలోలు అన్నది కాగితం మీది లెక్క. మూడు పూటలా వండే చోట వంటగది మిగులు వల్ల అది పెరుగుతుంది, ఆదివారం ఇంకా పెరుగుతుంది. తూకం ఎందుకంటే, అప్పటికి అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నియమాలు రోజుకి సగటున 100 కిలోలు దాటే చోటుని పెద్ద ఉత్పత్తిదారుగా లెక్కగట్టాయి. బెంగళూరులో అలాంటివాళ్ళు తమ చెత్త ఏర్పాటు తాము చేసుకోవాలి, వీధి ఆటోలో వేయకూడదు. ఒకే యజమానికి పక్కపక్కన రెండు భవనాలు, ఒకే వంటగది ఉంటే గీత దాటుతుంది. ఆ యజమానితో మాట్లాడే తీరు వేరు, గీత కింద ఉన్నవారితో మాట్లాడే తీరు వేరు. తూకం లేకుండా వెళితే రెండూ కలగాపులగమై, ఎవరూ వినరు.

డబ్బాల విషయంలో ఒక చిన్న లెక్క పెద్ద తేడా తెచ్చింది. తడి చెత్తకి 120 లీటర్ల డబ్బా ఒకటి కొనిపించబోతే ఆటో సహాయకుడు వద్దన్నాడు. తడి చెత్త నిండితే అది సుమారు 60 కిలోలు, ఒక్క మనిషి ఎత్తి ఆటోలో వంచలేడు. ఎత్తలేకపోతే పైపైన తీసి మిగతాది వదిలేస్తాడు. 60 లీటర్లవి రెండు, మూతతో. అదీ మూడొంతులే నింపాలి.

బెంగళూరులో అప్పటికి మూడు రకాలుగా వేరు చేయాల్సి ఉండేది. తడికి పచ్చ డబ్బా, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు లాంటివాటికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకి సంచి. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆదేశంతో ఈ ‘రెండు డబ్బాలు, ఒక సంచి’ పద్ధతి నగరమంతటికీ వచ్చింది. దాని వెనక నొప్పి ఉంది: నగరం చెత్తంతా పోసే మావళ్ళిపుర గుట్ట 2012లో మూతపడింది, మండూరు 2014 చివర్లో. ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి నగరం కంపు పీల్చి, ఇక చాలని రోడ్డెక్కారు. పీజీలో పిల్లలకి గది గోడ మీద నియమాల పోస్టరు అంటించే బదులు ఆ రెండు ఊళ్ళ సంగతి చెప్పినప్పుడు ఎక్కువ పనిచేసింది.

పౌరకార్మికులతో మాట్లాడటం

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది దళితులు, అందులో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు ఎక్కువ. తరాల కిందట రాయలసీమ నుంచి, చుట్టుపక్కల తెలుగు మాట్లాడే తాలూకాల నుంచి వచ్చిన కుటుంబాలు. కొత్తగా వచ్చిన పట్టభద్రుడికి ఈ నగరంలో తెలుగులో దొరికే అత్యంత నిక్కమైన సమాచారం వీళ్ళ దగ్గరే ఉంది. ఏ ఇల్లు ఎప్పుడు వేస్తుంది, ఏ రోజు ఆటో రాదు, పొడి చెత్త వారంలో ఏ రోజుల్లో తీసుకుంటారు, మేస్త్రీ ఎవరు, హాజరు ఎక్కడ వేస్తారు అన్నీ వాళ్ళకి తెలుసు.

‘అక్కా’, ‘అన్నా’ అని పిలిచి, పని తెమిలాక మాట్లాడాలి. పొద్దున హాజరు వేసే వేళ ఆపి ప్రశ్నలు అడగకూడదు, మేస్త్రీ ముందు అసలే అడగకూడదు. వాళ్ళు చెప్పిన ఏ మాటనీ ఫిర్యాదులో వాళ్ళ పేరుతో రాయకూడదు, అది వాళ్ళ కూలికే ఎసరు పెడుతుంది. ఇంకో తేడా గుర్తుంచుకోవాలి: వీధి ఊడ్చేవాళ్ళూ ఆటో మీద వచ్చే డ్రైవరు, సహాయకుడూ ఒకటి కాదు. ఆటోవాళ్ళు సాధారణంగా కాంట్రాక్టరు మనుషులు. కుప్ప ఎత్తలేదని ఊడ్చే అక్క మీద అరవడం అన్యాయం, ఉపయోగం కూడా ఉండదు.

గుంపు కుదిర్చిన ఏర్పాటు ఇలా ఉంది. పీజీల రాత్రి చెత్తని వాచ్‌మన్ 6:45కి గేటు బయట పెడతాడు. పొద్దున కూరగాయల తొక్కలు మూత డబ్బాలో మర్నాటి దాకా ఉంటాయి. చిన్న ఇళ్ళవాళ్ళకి గేటు లోపలి వైపు కొక్కెం, దానికి సంచి తగిలించిపోతే ఆటో సహాయకుడు చెయ్యి పెట్టి తీసుకుంటాడు. ఈ మూడూ రెండు వారాలు నడిచాకే శుభ్రం చేసే రోజు పెట్టుకోవాలి. ఈ గుంపు అంత ఆగలేదు. పీజీల ఏర్పాటు కుదరగానే, కొక్కేలు వేయకముందే కుప్ప ఎత్తేసింది. దాంతో కుప్ప వీధి రెండో చివర, దీపం వెలగని స్తంభం కిందికి మారింది. అక్కడ పడినవన్నీ చిన్న ఇళ్ళ కవర్లే.

ఎత్తిన రోజు

కుప్ప పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, అడుగు మందం ఉంటే 60 ఘనపుటడుగులు, అంటే 1.7 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 400 కిలోల చొప్పున లెక్కేస్తే ఆరేడు వందల కిలోలు. ఇది వీధి ఆటో రోజువారీ బరువు మీద అదనంగా పట్టేది కాదు, వేరే వాహనం ముందే ఖాయం చేసుకోవాలి. వాహనం లేకుండా మొదలుపెట్టిన శుభ్రతా కార్యక్రమాలన్నీ చెత్తని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరపడంతో ముగుస్తాయి.

పన్నెండు మంది చాలు. నలుగురు పారలకి, నలుగురు తట్టలకి, ఇద్దరు పెద్ద చీపుర్లకి, ఒకరు వచ్చే పోయే బళ్ళని ఆపడానికి, ఒకరు నీళ్ళు, మందుల పెట్టె చూసుకోవడానికి. ముప్ఫై మంది వస్తే ఒకరి పార ఒకరి కాలికి తగులుతుంది. పల్చటి డాక్టరు గ్లౌజులు పనికిరావు, మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరువి కావాలి. మూసిన బూట్లు తప్పనిసరి. గాజు పెంకులు, సూదులు ఉంటాయి కాబట్టి చేత్తో నొక్కి సంచులు నింపకూడదు. ధనుర్వాతం సూది వేయించుకున్నారో లేదో ముందే అడగాలి. పాత కుప్పలో తడి పొడి వేరు చేసే ప్రయత్నం చేయొద్దు. ట్యూబులైట్లు, గాజు తీసి పక్కన పెట్టి మిగతాదంతా ఎత్తేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె లోపలికి చేయి కూడా పెట్టకూడదు. అక్కడి చెత్తకి 1912కి ఫోన్ చేసి కరెంటు సంస్థ బెస్కాం మనిషి వచ్చాకే పని.

ఎత్తాక నేల మీద బ్లీచింగ్, గోడకి సున్నం. రాతి సున్నం అయితే ముందు రాత్రే నానబెట్టాలి. నీళ్ళు పోయగానే కుతకుత ఉడుకుతుంది, కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు. అంటుకోవడానికి కొంచెం జిగురు కలపాలి. గోడ కింది మూడడుగులు జేగురు రంగు పట్టీ, దుమ్ము మరకలు కనపడవు. ఈ తీరుని బెంగళూరులో అందరికీ తెలిసేలా చేసింది ‘ది అగ్లీ ఇండియన్’ అన్న పేరులేని మనుషుల బృందం. 2010 నుంచి వాళ్ళు మాట్లాడకుండా పనిచేసుకుపోయే పద్ధతి పెట్టుకున్నారు. గోడకి దేవుళ్ళ పటాలున్న టైల్సు అంటిద్దామని ఒక యజమాని అన్నారు. గుంపు వద్దంది. ఆ పటాల కిందే చెత్త పడి ఉన్న గోడలు నగరంలో ఎన్నో ఉన్నాయి. నమ్మేవాళ్ళ మనసు నొచ్చుకోవడం తప్ప లాభం ఉండదు. దాని బదులు ఎదురింటి అమ్మగారు రోజూ అక్కడ ముగ్గు వేస్తానన్నారు.

ఏ ఆఫీసు ఏం చూస్తుంది

అంతకుముందు నగరమంతటికీ కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ 2025 సెప్టెంబరులో ఐదు నగర పాలక సంస్థలుగా విడిపోయింది, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. మారతహళ్ళి తూర్పు కార్పొరేషన్ కిందికి వస్తుంది. పాత వార్డు నంబర్లతో ఫిర్యాదులు పెడితే తప్పు బల్ల మీదికి పోతాయి. వీధి దీపం, ఫుట్‌పాత్, రోడ్డు పక్క వాన నీటి కాలువ కార్పొరేషన్ పని, ఫోన్ 1533. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ బెస్కాం, 1912. తాగునీరు, భూగర్భ డ్రైనేజీ జలమండలి, 1916. కొత్తవాళ్ళు దీపం వెలగలేదని బెస్కాంకి, మ్యాన్‌హోల్ పొంగిందని కార్పొరేషన్‌కి ఫిర్యాదు చేసి రెండు చోట్లా ‘మాది కాదు’ అనిపించుకుంటారు.

వీధి దీపం ఫిర్యాదులో స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు ఉండాలి. పగలు తీసిన ఫోటో ఒకటి, రాత్రి చీకటిలో తీసినది ఒకటి. పరిష్కరించామని సందేశం వస్తే ఆ రాత్రే వెళ్ళి చూసి, వెలగకపోతే పాత ఫిర్యాదు నంబరు రాస్తూ మళ్ళీ పెట్టాలి. కొత్త ఫిర్యాదుగా పెడితే రోజుల లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. ఒకే సమస్య మీద ఇరవై మంది విడివిడిగా ఫిర్యాదులు పెట్టడం కంటే ఒక ఫిర్యాదు, దాని కింద ఇరవై సంతకాల మనవి మేలు. ఈ వీధిలో రెండో కుప్ప ఆ దీపం వెలిగాక, కొక్కేలు వేశాకే పోయింది.

బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికైన కార్పొరేటరు లేడు. వార్డు కమిటీ సమావేశాలు నెలలో మొదటి, మూడో శనివారాల్లో అధికారి ఆధ్వర్యంలో జరిగే పద్ధతి ఆ కాలంలో ఉండేది. సమావేశం ఉందో లేదో వార్డు ఆఫీసులో ముందే కనుక్కుని, ఒకే ఒక్క విషయం మీద ఒక పేజీ మనవి కన్నడంలో టైపు చేయించి తీసుకెళ్ళాలి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ఐదు విషయాలు కలిపి రాసిన కాగితం ఐదుగురు అధికారుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

కన్నడం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. తెలుగువాడికి కన్నడ లిపి పట్టుబడటానికి రెండు వారాలు చాలు, బస్సు బోర్డులు చదువుతూ నేర్చుకోవచ్చు. మూడు నెలల తర్వాత కూడా ఆఫీసులో ఇంగ్లిషులోనే మాట్లాడేవాడి మాట ఎవరూ పట్టించుకోరు. గుంపుకి ‘తెలుగు’ అని పేరు పెట్టుకోలేదు, మొదటి రోజు నుంచే వీధిలోని కన్నడ కుటుంబాలని ముందుంచింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు మా ఊరికి పాఠాలు చెబుతున్నారన్న కోపం న్యాయమైనదే, దాన్ని రాజేసే అవకాశం ఇవ్వకూడదు.

సమాచార హక్కు దరఖాస్తు

ఫోన్లతో కదలనప్పుడు 2005 సమాచార హక్కు చట్టం. రుసుము పది రూపాయలు, జవాబుకి 30 రోజులు. కర్ణాటకలో అదనపు నిబంధన ఉంది: దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలకి మించకుండా ఉండాలి. ‘ఆటో ఎందుకు సరిగ్గా రావడం లేదు’ అని అడిగితే జవాబు రాదు. కారణాలు కాకుండా రికార్డులు అడగాలి: ఈ వీధి ఏ వాహనం రూటులో ఉంది, ఆ రూటు షెడ్యూలు నకలు, గడిచిన నెలలో ఆ వాహనం హాజరు పట్టిక నకలు. మొదటి అప్పీలు 30 రోజుల్లో, రెండోది సమాచార కమిషన్‌కి 90 రోజుల్లో.

ఇక్కడా చిరునామాయే దెబ్బకొట్టింది. దరఖాస్తు పెట్టిన కుర్రాడు జవాబు వచ్చేలోగా వేరే పీజీకి మారాడు, ఉత్తరం తిరిగి వెళ్ళింది, అప్పీలు గడువు దాటింది. ఆ తర్వాత అన్నీ రాష్ట్ర ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టారు. పోస్టులో పంపక తప్పనివి వీధిలో సొంతిల్లున్న ఒక రిటైర్డ్ టీచరు చిరునామాకి వచ్చేలా, ఆయన అనుమతితో, ఆయన కేరాఫ్‌గా రాశారు.

అప్పగింత

పీజీ మనిషి ఏడాదీ ఏడాదిన్నర కంటే ఎక్కువ ఒక వీధిలో ఉండడనే లెక్కతోనే మొత్తం ఏర్పాటు చేయాలి. వాట్సాప్ గ్రూపులో రెండు వందల మంది చేరతారు, పనికి వచ్చేది ఆరుగురే. ఆ ఆరుగురికి పని విడివిడిగా ఉండాలి: ఒకరు ఫిర్యాదులకి, ఒకరు పొద్దున ఆటో వేళకి, ఒకరు యజమానులతో మాటలకి, ఒకరు ఓటరు ఫారాలకి, ఒకరు డబ్బుకి, ఒకరు రికార్డుకి. డబ్బు నెలకి మనిషికి వంద రూపాయలు మించకుండా, ఖర్చుల పట్టీ అందరికీ కనిపించేలా. జమ అయిన సొమ్ము ఎప్పుడూ ఒక శుభ్రతా రోజు ఖర్చుకి మించి ఉండకూడదు. పెద్ద మొత్తం ఉంటే ట్రస్టు పెడదాం, లోగో చేద్దాం అన్న మాటలు మొదలై పని ఆగిపోతుంది. కంపెనీ సేవా దినం కింద వచ్చే టీషర్టులు, బ్యానర్లు కూడా గుంపు తీసుకోలేదు. అది మంచి నిర్ణయం.

రికార్డు ఎవరి సొంత ఈమెయిల్‌లోనూ ఉండకూడదు. గుంపు పేరుతో ఒక ఐడీ, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర. అందులో ఉండాల్సినవి: ప్రతి ఫిర్యాదు నంబరు, తేదీ, ఫోటో, చివరి స్థితి. అధికారుల వివరాలు పదవి పేరుతో, మనిషి పేరుతో వద్దు, బదిలీలు అవుతుంటాయి. ఆటో వచ్చే సమయం, పొడి చెత్త రోజులు, స్తంభాల నంబర్లు, ఏ పీజీ ఒప్పుకుంది, ఏది ఒప్పుకోలేదు. వెళ్ళిపోయేవాళ్ళు కనీసం నెల ముందు చెప్పి, తమ స్థానంలోకి వచ్చేవాళ్ళని రెండు శనివారాలు వెంట తిప్పాలి: ఒకసారి పొద్దున ఆటో దగ్గరికి, ఒకసారి వార్డు ఆఫీసుకి. ఈ రెండో నడక మానేసిన చోట కొత్తవాళ్ళు ఆఫీసు గుమ్మం తొక్కడమే లేదు.

ఈ వీధిలో మొదటి ఆరుగురిలో నలుగురు ఇప్పుడు వేరే చోట్ల ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద నేల ఖాళీగానే ఉంది. ఒప్పుకోని పీజీ చెత్త ఇంకా కలగలిపే వస్తోంది. జులైలో కాలేజీల నుంచి కొత్త బ్యాచీలు దిగేటప్పుడు, గది చేరిన మొదటి వారంలోనే ఫారం 8 కాగితం, చెత్త వేరు చేసే పట్టిక, ఆటో సమయం కలిపి ఇవ్వడానికి ఒక పేజీ తయారుగా ఉంది. దాన్ని కన్నడంలోకి కూడా మార్చే పని మిగిలింది.